లేని గుట్ట మీది పాట

వెల్డింగ్ రాడ్లను వేడిగా ఉంచే ఓవెన్ తలుపు తెరిచినప్పుడల్లా నాకు తోలు వాసన వస్తుంది. అందులో రాడ్లు తప్ప ఏమీ ఉండవని తెలుసు. బహ్రెయిన్ రేవు మీనా సల్మాన్‌లోని మా వర్క్‌షాపులో ఈ పొద్దున కూడా అంతే. బయట ఆగస్టు ఉక్కకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. వేడిగాలి మొహాన కొట్టగానే, వెచ్చబడిన మేకతోలు వాసన ముక్కుకు తగిలి క్లైడ్ సారు గుర్తొచ్చాడు.

మేం వేసిన జాయింట్లు పరీక్షించే అమెరికా మనిషి ఆయన. అమెరికా అంటే అన్నీ అద్దాల మేడలే అనుకునేవాణ్ణి నేను. ఆయనది అప్పలాచియా అనే కొండల సీమ, బొగ్గు గనుల ఊరు. తాతా తండ్రీ గనిలోకి దిగినవాళ్ళే. మాట తక్కువ, కోపం ముక్కు మీదే. జాయింటు నచ్చకపోతే సుద్దముక్కతో ఒక గీత గీసి, "ఖలాస్, మళ్ళీ వెయ్యి" అని వెళ్ళిపోయేవాడు. టీ విరామంలో మాత్రం షెడ్డు వెనక కూర్చుని బాంజో తీసేవాడు. పొడుగాటి మెడ, గుండ్రటి తోలు మొహం ఉన్న తంతి వాయిద్యం అది. వాళ్ళ తాత చేత్తో చేసిందట.

బహ్రెయిన్ ఉక్కకు ఆ తోలు సడలిపోయి, జలుబు చేసిన గొంతులా మూలిగేది. ఒకరోజు మరలు తిప్పీ తిప్పీ విసుగొచ్చి పక్కన పెట్టేశాడు. మా నాన్న డప్పు కొట్టేవాడు. ముసురు పట్టి డప్పు మెత్తబడితే గడ్డిమంటకు కాచందే కర్ర ముట్టేవాడు కాదు. నా నోరు ఊరుకోలేదు. "తిప్పితే కాదు సార్, దానికి సెగ తగలాలె" అన్నాను, వచ్చీరాని హిందీ, ఇంగ్లీషు కలిపి. ఓవెన్ తలుపు ఓరగా తీసి, ఆ సెగకు దూరంగా పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. తర్వాత మీటితే ఖంగుమంది. సారు నన్ను తేరిపార చూసి, "ఇది నీకెవరు నేర్పారు మల్లేశ్ భాయ్?" అన్నాడు. ఆ రోజు నుంచి బాంజో కాచే పని నాదే.

ఆయన పాటల నిండా చోట్లే. ఫలానా వాగు, ఫలానా కొండ కొమ్ము, పొద్దుగూకే వేళ అక్కడ కూసే పిట్ట. ఒక పాటను మరీ ప్రేమగా పాడేవాడు. ఆ కొండ మీ ఇంటికి ఎంత దూరమని అడిగాను.

"ఇంటి వెనకే ఉండేది. బొగ్గు కోసం దాని తల పేల్చేశారు. ఆ మట్టి వాగులో పోశారు" అన్నాడు. తంతులు తుడుస్తూ, "పాట తెలిసినవాళ్ళు కూడా పోయారు. ఇప్పుడు నేను తప్పు పాడినా చెప్పేవాళ్ళు లేరు" అన్నాడు.

మా ఊరి సంగతి నేనూ చెప్పాను. మాదీ గోదావరి పక్క బొగ్గు నేలే. ఓపెన్‌కాస్ట్ గని పొలాలు మింగుతూ మా నెమలిగుట్ట దాకా వచ్చేసింది. ఊరు ఖాళీ చేయాలని చెప్పేశారు. ఆ సంగతి వింటూనే, "నీ గుట్టకు పాటుందా?" అన్నాడు. ఉంది. నాట్లప్పుడు మా అక్క లచ్చవ్వ పాడేది. నాకు మొదటి వరుసే వచ్చు, అది ఆడవాళ్ళ పాట కదా అన్నాను. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"నేర్చుకో. గుట్టను నువ్వు ఆపలేవు. తప్పు దిద్దే మనిషి ఉన్నప్పుడే పాట నేర్చుకో."

మర్నాడు టీ విరామంలో అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. సంగతి వినగానే పకపకా నవ్వింది. గల్ఫ్‌లో ఎక్కడున్నా ఆమెకు దుబాయే.

"ఏందిరా, దుబాయిల నాట్లేస్తున్నవా?"

"కాదక్కా, నేర్సుకుంట. పాడు."

"ఒక్కదాన్ని ఎట్ల పాడుదురా? నేనొక మాటంటె ఎనుకనుంచి అందుకునేటోళ్ళు ఉండాలె."

అయినా ఎత్తుకుంది. "నెమలిగుట్ట కొనకు మొగులైందె చెల్లే" అని గుట్ట మీద మబ్బు పట్టిన సంగతి పాడి, అలవాటు కొద్దీ ఆగింది. ఆ ఖాళీలో క్లైడ్ సారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అదే వరుసను అందుకున్నాడు. వాళ్ళ కొండల్లో పుస్తకాలు దొరకని రోజుల్లో, చర్చిలో ఒకరు ఒక వరుస ఇస్తే అందరూ దాన్ని సాగదీసి పాడేవాళ్ళట. అటువైపు అక్క నివ్వెరపోయింది.

"ఎవర్రా ఆ ముసలాయన? వరి నాటినోని లెక్కనే అందుకుంటుండు!"

ఆ తర్వాత చాలా టీ విరామాలు అట్లాగే గడిచాయి. నేను తప్పు పాడితే అక్క తిట్టేది, సారు మీసాల్లో నవ్వుకునేవాడు.

చలికాలం రాగానే ఆయన కాంట్రాక్టు ముగిసింది. ఇంటికి పోతున్నారుగా అన్నాను, నేనే పోతున్నంత సంబరంగా. "కూతురి దగ్గరికి. అక్కడ నేలంతా చదును మల్లేశ్ భాయ్, ఇక్కడిలాగే" అన్నాడు. వెళ్ళేరోజు ఓవెన్ ముందు బాంజోను తానే కాచుకున్నాడు. కొన్నాళ్ళు ఫోన్ చేశాడు. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. ఎవరిని అడగాలో కూడా నాకు తెలియదు.

పోయిన సెలవులో వెళితే నెమలిగుట్ట ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. అంచున నిలబడి ఏడ్చాను. నాట్లేసే ఆడవాళ్ళు తలో దిక్కు అయిపోయారు. అక్కకు పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు. ఆ గడపలో కూర్చుని పాట మొదలుపెట్టాను, అక్క అందుకుంది. సగంలో ఠక్కున ఆపేసి, "అట్ల కాదురా! మొగులు ముందు, నెమలి ఎనుక. మొగులు గాకుంటె నెమలి ఎందుకాడుతది? మల్ల పాడు" అని గద్దించింది. ఊరు పోయాక నాకు ప్రాణం లేచి వచ్చింది ఆ ఒక్క తిట్టుకే.

ఓవెన్ తలుపు మూసి గ్రైండర్ల మోతలో పనికి కూర్చుంటాను. కూనిరాగం దానంతటదే వస్తుంది. మా గుట్ట పాట కాదు, దానికి అక్క ఉంది. సారు కొండ పాట. మాటలు నాకు రావు, వరుస మాత్రం వచ్చు. పిట్ట కూసే చోటికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో తప్పుతుంది. మళ్ళీ మొదటి నుంచి అందుకుంటాను. తప్పని తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడ తప్పిందో చెప్పే మనిషి లేడు.