రంగూన్‌కు రుమాళ్లు ఆగిపోయిన రోజులు

భువనగిరి దగ్గరి సాలెవాడలో గండయ్య నేసిన రుమాళ్లు ఒకప్పుడు రంగూన్ దాకా పోయేవి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి, తొక్కి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవాళ్లు. పెళ్లికి పోయినా గండయ్య ఒంటిమీద ఆ నూనె వాసనే. సముద్రం మొహం చూడని ఆ మనిషి, తన రుమాలు తలకు చుట్టుకుని రంగూన్ రేవులో ఎవరో పడవ నడుపుతున్నారని చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ సంగతి అతనికి చెప్పింది దుర్గయ్య, భార్య ఉప్పలమ్మకు అన్న. పడుచుతనంలోనే రంగూన్ వెళ్లి ఒక సేటు బట్టల కొట్లో కుదురుకున్నాడు. ఏ నాలుగేళ్లకో వచ్చినప్పుడు వాడంతా అతని చుట్టూ చేరేది. గండయ్య మగ్గం దిగేవాడే కాదు, నేస్తూనే అడిగేవాడు.

"బావా, వాళ్లకు ఎరుపు మంచిగనిపిస్తదా, నలుపా?"

"నీ ఎరుపంటే పానం ఇడుస్తరు."

అరవై రెండులో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. మరి రెండేళ్లకు అక్కడి కొట్లన్నీ సర్కారువయ్యాయి. బయటి బట్ట రానివ్వడం లేదని, ఇక రుమాళ్లు నేయవద్దని సరుకు రంగూన్ పంపే మద్రాసు వర్తకుడు కబురు పెట్టాడు. మగ్గం ఆగింది. దుర్గయ్య జాడ లేదు.

గండయ్యకు కోపం ఢిల్లీ మీద. హోటల్లో రేడియో దగ్గర కూర్చుని అరిచేవాడు.

"మనోళ్లకు నోరు లేదా? వాళ్ల బియ్యం కొనుడు బంద్ జేస్తే రేపే దిగొస్తరు!"

చివరికి నేతగాళ్ల సొసైటీ పెద్ద బుచ్చయ్యను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లి, ఒక అధికారిని కలిశాడు. ఆయన విసుక్కోలేదు. కుర్చీ వేయించి నెమ్మదిగా చెప్పాడు.

"నాకు తెలిసినంత చెప్తాను. కొట్లు తమవాళ్ల చేతిలోనే ఉండాలని అక్కడి సర్కారు పట్టుదల. మనం గట్టిగా బెదిరించొచ్చు. కానీ మనవాళ్లు లక్షల మంది అక్కడున్నారు. తగువు పెరిగితే ముందు నలిగేది వాళ్లే. అందుకే ముందు మనుషుల్ని తెచ్చుకుందాం, సరుకు మాట తర్వాత అని ఢిల్లీలో అనుకున్నారు."

"మా మగ్గాల మాట ఎవలన్న ఎత్తిండ్రా సారూ?"

ఆయన, "ఎత్తి ఉండరు" అన్నాడు.

ఆ మాటే గుండెల్లో పెట్టుకుని గండయ్య ఇంటికొచ్చాడు. "మనం యాదికే లేమట!" అని భార్య ముందు మండిపడ్డాడు. ఉప్పలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గా మనుషులల్ల మా అన్న గూడ ఉన్నడు గద" అంది.

గండయ్య అన్నాళ్లుగా రుమాళ్ల కోసం అరిచాడు గాని, బావ కోసం ఒక్కనాడూ అరవలేదు. ఆ తర్వాత కూడా రేడియో దగ్గరికి వెళ్లేవాడు, కాకపోతే రంగూన్ నుంచి బయల్దేరిన ఓడల ఊసు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించేవాడు.

ఎండలు ముదిరే వేళ దుర్గయ్య వచ్చాడు. సర్కారు ఓడలో మద్రాసు, అక్కణ్నుంచి రైలు. చేతి ఉంగరం కూడా రంగూన్ రేవులోనే అక్కడి సర్కారువాళ్లు తీసుకున్నారట. మనిషి సగమయ్యాడు. చెల్లెలు కాళ్లకు నీళ్లిస్తుంటే ఆమె తలమీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు.

"కొట్టుకు తాళమేసిన సిపాయి నాకు ఎరుకైనోడే" అన్నాడు అన్నం తింటూ. "జర ఓపిక పట్టు దుర్గా, నాకు హుకుం అచ్చింది అన్నడు. పక్కింటి బర్మా ముసలమ్మ ఓడ దాక అచ్చి ఏడ్సింది."

"మరి కోపం రాలేదా బావా?"

"ఎవల మీద రావాలె?"

గండయ్య రుమాళ్లు వదిలి చీరలకు దిగాడు. చీరల మగ్గం అతనికి కొత్త. మొదటి చీరలో రంగులు ఒకదానిలోకి ఒకటి పాకాయి. దుర్గయ్య పక్కన కూర్చుని రంగు అంటకూడని చోట నూలుకు ముడులు కట్టేవాడు, మధ్యమధ్య బర్మా మాటలేవో గొణుక్కునేవాడు. క్రమంగా చీరలు అమ్ముడుపోయాయి, ఇల్లు గడిచింది. రుమాలు నేసిన చేయి మాత్రం ఎరుపు కలిపినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది.

హోటల్లో మాత్రం గండయ్య గొంతు తగ్గింది. ఏదో దేశం మీద విరుచుకుపడాలని ఎవరైనా బల్ల గుద్దితే, "ఆడ మనోళ్లు ఉన్నరా?" అని అడిగేవాడు.