గుమ్మానికి రెండంగుళాలు తక్కువ

మా ఎదురింటి టైలరమ్మ చేతిలో కత్తెర ఉంటే ఎవరికీ భయపడదు. ఆ రోజు ఆమె చేతిలో ఉన్నవి సుత్తీ, ఉలీ. తంటా అంతా అక్కడే వచ్చింది.

వాళ్ళ అత్తగారికి తుంటి ఎముక విరిగి మూడు నెలలైంది. మంచం దిగలేదు. ఎవరో వాడి వదిలేసిన చక్రాల కుర్చీని టైలరమ్మ సగం ధరకు కొనుక్కొచ్చింది. తీరా చూస్తే అది అత్తగారి గది గుమ్మంలో పట్టదు. గుమ్మం వెడల్పు చేయడానికి మేస్త్రి అడిగిన కూలి విని ఆమెకు కళ్ళు తిరిగాయి.

"ఈ మాత్రానికి ఆయనెందుకు? నాలుగు ఇటుకలు తీయడం నాకు రాదా?" అంది.

"నీకేం, చెయ్యి తిరిగినదానివి," అని ఎగదోశాను. నా నోటికి తాళం వెయ్యాలి.

పొద్దున్నే చెదలు తిన్న ద్వారబంధం ఊడబీకింది. కొత్తది పెట్టాలంటే గోడ రెండంగుళాలు చెక్కితే చాలు. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? బట్ట కాస్త ఎక్కువ వదిలి కత్తిరిస్తే తర్వాత మడిచి కుట్టుకోవచ్చు, బిగువైతే ఏమీ చేయలేం. గోడకూ అదే లెక్క వేసి, టేపు పెట్టి, సుద్దతో గీత గీసి, ఏకంగా ఆరంగుళాలు చెక్కేసింది. గుమ్మం మీది కాంక్రీటు దిమ్మ అటువైపు ఆనుకుని ఉన్నది సరిగ్గా ఆ ఆరంగుళాల మీదేనని మా ఇద్దరికీ తెలియదు.

ఎంతవరకు వచ్చిందో చూద్దామని నేను వెళ్ళేసరికి టప్పున ఏదో చిట్లింది. దిమ్మ ఒక పక్కకు వేలెడు దిగింది. దాని మూల నుంచి కప్పు దాకా పగులు పాకింది. సన్నగా ఇసుక రాలుతోంది. ఆ గదికి వేరే దారి లేదు. కిటికీకి ఇనుప చువ్వలు. లోపల కదలలేని మనిషి.

ఫోన్ చేస్తే మేస్త్రి అరిచాడు. "దాని కిందికి ఎవరూ పోవద్దు! దేన్నీ ముట్టుకోవద్దు! కింద ఆనించడానికి పోట్లు తీసుకుని పావుగంటలో వస్తున్నా."

పావుగంటట! అంతసేపు ఆగుతుందని ఆ దిమ్మకు ఎవరు చెప్పాలి?

"అత్తయ్యా, భయపడకండి, నేనొస్తున్నా," అంటూ టైలరమ్మ అడుగు వేసింది. నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

లోపల్నుంచి అత్తగారి గొంతు విసుగ్గా వినిపించింది. "ఏంటే ఆ గోల? ఇప్పుడే కునుకు పడుతోంది. లోపలికొచ్చావంటే ఊరుకోను."

"ఆవిడకేం తెలిసినట్టు లేదు. అదే మంచిది," అన్నాను గుసగుసగా.

టైలరమ్మ నేలమీద కూలబడి నా చెయ్యి పట్టుకుంది. ఇసుక రాలిన ప్రతిసారీ ఆమె గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. "ఆవిడకేమైనా అయితే నేనే చంపినట్టు," అని అదే మాట. ఎగదోసినదాన్ని నేనే కదా.

మేస్త్రి వచ్చాడు. రెండు ఇనుప పోట్లు నిలబెట్టి దిమ్మకు ఆనించి బిగించాడు. లోపలికెళ్ళి అత్తగారిని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత తిట్లకు దిగాడు.

"ద్వారబంధం తీసినప్పుడే కుర్చీకి చోటు వచ్చేసిందమ్మా! ఓ కర్టెన్ కుట్టి కట్టుకుంటే అయిపోయేది. కుట్టడం కూడా నేనే నేర్పాలా?"

టైలరమ్మకు ఆ మాటలేవీ ఎక్కలేదు. అత్తగారి తెల్ల జుట్టు నిండా సున్నం పొడి. ఆవిడ దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది, వేళ్ళు విడదీస్తే రావడం లేదు.

"నిద్రలో ఉన్నారు కాబట్టి సరిపోయింది అత్తయ్యా," అంది పొడి దులుపుతూ.

"నిద్రా! చప్పుడైనప్పటి నుంచీ నా కళ్ళు ఆ పగులు మీదే ఉన్నాయి. ప్రాణాలు పోయాయనే అనుకున్నా. కానీ అరిస్తే నువ్వాగుతావా పిచ్చిదానా? దాని కిందనుంచే పరిగెత్తుకొస్తావు."

టైలరమ్మ దులపడం ఆపి బావురుమంది.