రెండో తుపాకీ కోసం నిజ్వా దాకా

శుక్రవారం పొద్దున ఆరుంబావుకి సీబ్‌లో బండి తీశాను. సెలవు రోజూ డ్యూటీ వేశారని లోపల సణుక్కున్న మాట నిజం. మా అర్బాబ్‌కు, అంటే నేను డ్రైవర్‌గా ఉన్న అరబ్బుల ఇంటి యజమానికి, వచ్చే నెల దక్షిణాఫ్రికాలో అడవిపందుల వేట ఉంది. రైఫిల్ ఉంది. గురి తప్పి పంది మీదికొస్తే నడుము నుంచి తీసి కాల్చడానికి చిన్న తుపాకీ ఒకటి కావాలి. ఇదివరకు ఆ పని వెనక నిలబడే ఆయన తమ్ముడు చూసుకునేవాడట. ఖర్జూరతోట పంపకంలో మాటామాటా పెరిగి, నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

దారిలో ఫంజాలో ఆగి ఇద్దరం చాయ్, పరాఠా కానిచ్చి ఎనిమిదింటికి నిజ్వా చేరాం. మీరు వెళ్తే శుక్రవారమే వెళ్లండి, మేకల సంత చూడొచ్చు. బండి మాత్రం దూరంగా పెట్టుకోవాలి.

తుపాకుల దుకాణం పెద్దాయన లైసెన్స్ కాగితాలు చూసి ఖాళీ పిస్టల్ చేతికిచ్చాడు. దాని పైభాగం వెనక్కి లాగాలి. పోయినేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి అర్బాబ్ కుడిచేతిలో పట్టు లేదు. పిడి జారిపోయింది. తర్వాత రివాల్వర్ ఇచ్చాడు. లాగే పని లేదు కానీ ట్రిగ్గర్ గట్టిది. మూడుసార్లు నొక్కినా వేలు సగంలోనే ఆగింది. పెద్దాయన దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, "పంది మీదికొచ్చాక నాలుగోసారి ఉండదు," అన్నాడు. నా మనసు చివుక్కుమంది.

తిరుగుదారిలో అర్బాబ్ ఇక వేట మానేస్తానన్నాడు. తొమ్మిదేళ్లలో వాళ్లింటి సంగతుల్లో నేనెప్పుడూ తలదూర్చలేదు. ఆ రోజు ఉండబట్టలేక నాకొచ్చిన హిందీలో అనేశాను:

"అర్బాబ్, మా జగిత్యాల దిక్కు మక్కచేను కావలికి ఎవ్వడూ ఒక్కడు పోడు. ఎంత కొట్లాడుకున్నా, పందులొస్తే తమ్మున్నే పిలుస్తరు."

తిడతాడనుకున్నాను. మలుపు రాగానే బండి తమ్ముడుండే ఇజ్కీ వైపు తిప్పమన్నాడు.

తమ్ముడే గేటు తీశాడు. అర్బాబ్ సలాం చెప్పి కుడిచేయి చాపాడు. తమ్ముడు ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

"ఈ చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఏడాదైంది."

"నేను చచ్చాననుకున్నావా?"

 జుమ్మా నమాజు, భోజనం అక్కడే అయ్యాయి. మూడింటికి తమ్ముడు కూడా తన వేట సంచితో బండెక్కాడు. సీబ్ దాకా వెనక సీట్లో ఆయన తిడుతూనే ఉన్నాడు, అర్బాబ్ చిన్నపిల్లాడిలా పడుతూనే ఉన్నాడు. ఎన్నోసార్లు తిరిగిన రోడ్డే అయినా, తొందరగా ఇల్లు చేరకూడదని నేను నెమ్మదిగా నడిపింది ఆ ఒక్కరోజే.