నీలం దారం కట్టలు

దేశదేశాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలకు ఈగల మేత వడ్డించిందని, అందుకే ఈగలమ్మ ఉద్యోగం ఊడిందని వీధంతా గుప్పుమంది. చెప్పేవాళ్లకు నోరు నొప్పి లేదు, వినేవాళ్లకు విసుగు లేదు. వడ్డన సంగతి పచ్చి అబద్ధం. ఆమె పదిరోజులు ఇంట్లో కూర్చున్న మాట మాత్రం నిజం.

పరిశోధనశాలలో పండ్ల ఈగలకు వండిపెట్టడం ఆమె పని. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్ కలిపి ఉడికించి గాజు గొట్టాల్లో పోస్తుంది. పది గొట్టాలు ఒక కట్ట. ఏ గిన్నె మేత ఎటు వెళ్లిందో మరిచిపోకుండా గిన్నెకో రంగు చొప్పున కట్టలకు దారం కడుతుంది. అది ఎవరూ నేర్పలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. పదహారేళ్లుగా అదే అలవాటు. "మా ఇంటి అల్లుళ్లకు కూడా ఇంత మర్యాద జరగలేదు" అని తనే నవ్వేది.

ఈసారి సదస్సు వాళ్ల సంస్థలోనే జరిగింది. ఏదో ఒక్క జన్యువు గురించి కాదు, వేల జన్యువులు కలిసి ఎలా పనిచేస్తాయో మాట్లాడుకునే సభ. ఇంట్లో ఒకరు మంచం పడితే అందరి పనులూ తారుమారైనట్టు, ఒంట్లోనూ అంతేనట. ఈగలమ్మకు మంచినీళ్ల సీసాలు పెట్టే పని అప్పగించారు. పెడుతూ పెడుతూ గోడమీది ఒక పెద్ద కాగితం ముందు ఆగిపోయింది. అది వాళ్ల చిన్న మేడమ్ నాలుగేళ్ల కష్టం. మందు తిన్న ఈగల్లో రెండువందల జన్యువుల తీరు మారిందని మధ్యాహ్నం ఆమె వేదికెక్కి చెప్పాలి.

కాగితం మీది రాత ఈగలమ్మకు అందలేదు. ఫొటో అందింది. మందు కలిపిన కట్టలన్నిటికీ నీలం దారం, మామూలు కట్టలన్నిటికీ తెల్లదారం.

అప్పుడు గుర్తొచ్చింది. నీలం గిన్నె వండిన పూట ఈస్ట్ అయిపోయింది. కొత్తది తెప్పించేలోగా ఈగలు పస్తులుంటాయని ఇంకో రకం డబ్బా విప్పింది, ఎవరికీ చెప్పలేదు. మరి మార్పు మందుతో వచ్చిందా, మేతతో వచ్చిందా?

నోరు మెదపకపోతే ఉద్యోగానికి ఢోకా లేదు. పెట్టిన సీసాలే మళ్లీ మళ్లీ సర్దింది. చివరికి మెట్ల దగ్గర మేడమ్‌ను ఆపింది.

"మేడమ్, నీలం దారం మేత వేరు. ఈస్ట్ మార్చాను. తప్పు నాదే."

మేడమ్ ముఖం పాలిపోయింది. "ఇప్పుడా అక్కా చెప్పేది? గంటలో నా వంతు!"

"ఇప్పుడే చూశాను తల్లీ."

వేదిక మీద మేడమ్ అదే ఫొటో చూపించి, ఈ మార్పు మేత వల్ల వచ్చి ఉండొచ్చు, మళ్లీ చేసి చూస్తాను అని దిగిపోయింది. చప్పట్లు పెద్దగా పడలేదు. వెనక వరుసలో ఒక పెద్దాయన మాత్రం, "మా ఈగలు ఏం తిన్నాయో మాకు చెప్పేవాళ్లెవరు?" అన్నాడట. పైఅధికారి ఊరుకుంటాడా? విచారణ తేలేదాకా గడప దాటి రావద్దన్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే మేడమ్ స్వయంగా గుమ్మం ముందు నిలబడింది. "విచారణ ముగిసింది, పద అక్కా. ఈసారి అన్నిటికీ ఒకే డబ్బా ఈస్ట్. మార్చావో, చంపేస్తా!"

చెప్పులు వేసుకుంటున్న ఈగలమ్మను ఎదురింటి పెద్దమ్మ వదల్లేదు. "ఎవరి కంటా పడలేదు కదే! చెప్పకపోతే ఏం పోయేది?"

ఈగలమ్మ రెండో చెప్పు కూడా వేసుకుంది.

"అవసరమైన రోజున చూసి చెప్పకపోతే, ఇన్నేళ్లూ ఆ దారాలు ఎందుకు కట్టినట్టు పెద్దమ్మా?"