సైప్రస్ నారు ఎందుకు చచ్చింది

ఆ సైప్రస్ నారును చంపింది మా వదిన కాదు. నేను. ఇన్నేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. మీకే చెబుతున్నాను.

కడియం దగ్గర మాకు నర్సరీ ఉంది. సైప్రస్‌ను మావాళ్లు కొమ్మలు గుచ్చి పెంచేవారు. విత్తనం నుంచి లేపుతానంది వదిన. చలి ప్రాంతపు చెట్టు ఈ ఎండల్లో మొలుస్తుందా అని నాన్న నవ్వారు. ఆవిడ గింజల్ని నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పోసి, చలి తగిలితేనే మొలుస్తాయని ఫ్రిజ్‌లో పెట్టింది.

"పెరుగు పక్కన ఇసకేంటమ్మా? రేపు చారులో పోస్తావా ఏంటి?" అని అమ్మ దెప్పింది.

కొన్ని వారాలకు ట్రేలలో చల్లి నర్సరీలో నీడపందిరి కింద పెడితే, మొలిచాయి. దారప్పోగుల్లాంటి పచ్చటి మొలకలు. "ఇవి నిలబడితే ఈ పందిరి నీదేనమ్మా" అన్నారు నాన్న. వదిన ముఖం ఎలా వెలిగిందో నాకింకా గుర్తుంది.

నెలసరి రోజుల్లో ఆడవాళ్లు దగ్గరకెళితే నారు చచ్చిపోతుందని మా ఇంట్లో నమ్మకం. ఆ మూడు రోజులూ వదిన పెరడు దాటలేదు. "చేత్తో చిలకరించమ్మా. పైపు పెట్టావంటే మొదలు కుళ్లిపోద్ది" అని నాకు అప్పజెప్పింది. నేను ట్రేలలోకి పైపు వదిలి, పందిరి నీడలో నవల పట్టుకు కూర్చున్నాను. తలెత్తేసరికి మొలకలు నీళ్లలో మునిగి ఉన్నాయి. నీళ్లు వంపేసి ఇంటికొచ్చాను. వారం తిరక్కుండా మొదళ్లు నల్లబడి అన్నీ ఒరిగిపోయాయి.

నాన్న ట్రే ముందు నిలబడి అడిగారు.

"మీ వదిన బయటున్నప్పుడు ఇటొచ్చిందా?"

నేను ఒరిగిన మొలకల్ని ఏరుతున్నాను.

"నిన్నే. చూశావా?"

"ఊఁ."

"నేను రాలేదండీ మావయ్యగారూ" అంది వదిన. ఎవరు విన్నారు? ఆ రోజు నుంచి ఆవిడ పందిరిలో అడుగుపెట్టలేదు.

నాన్న మీద నాకు మండిపోతుంది. జీవితమంతా మొక్కలు పెంచిన మనిషి, కుళ్లిన మొదలు కళ్లెదుట పెట్టుకుని, నీళ్లెక్కువయ్యాయా అని ఎందుకడగలేదు? ఆయనకు ఆడదాని ఒళ్లే ఎందుకు గుర్తొచ్చింది? పక్కనే ఉండి నోరు మెదపని అన్నయ్య మీదా కోపమే. మరి నేను? ఆ నమ్మకాన్ని నేను నమ్మేదాన్నా? లోలోపల నవ్వుకునేదాన్ని. నేను నవ్వుకున్న ఆ నమ్మకాన్నే తీసుకెళ్లి వదిన నెత్తిన పెట్టాను. బిడియస్తురాలిని, భయపడ్డాను అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వదిన మాట ఎవరూ నమ్మరని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆవిడ నన్నొక్క మాట అడగలేదు. ఇప్పటికీ నాకు కొసరి కొసరి వడ్డిస్తుంది. అది చూస్తే కంచం విసిరికొట్టాలనిపిస్తుంది.

వదిన కూతురు ఈమధ్యే పెద్దమనిషైంది. నిన్న నెలసరిలో పందిరికి బయల్దేరితే నాన్న వాకిట్లోనే ఆపారు. "మీ అమ్మ అలా వెళ్లే నారంతా చంపింది" అన్నారు.

"అమ్మ వెళ్లలేదంట తాతయ్యా" అంది పిల్ల.

వదిన అక్కడే బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. ఇక్కడ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ హక్కు నాకు లేదని తెలుసు. నిన్న అప్పుడే నాన్న నావైపు తిరిగి అన్నారు:

"నువ్వు కళ్లారా చూశావు కదమ్మా. దానికి చెప్పు."