చప్పుడు లేని ఆట

ఆమెను బడిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిల్లలకు ఈల టీచర్, తోటివాళ్ళకు డ్రిల్ టీచర్, హెడ్మిస్ట్రెస్‌కు "మిమ్మల్నే, ఇలా రండి". పందొమ్మిదేళ్ళ కిందట ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు ఆటస్థలం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరకు వినపడనంత ఉండేది. తర్వాత సైన్సు గదులు అందులో సగం తిన్నాయి. బళ్ళు పెట్టుకునే షెడ్డు ఇంకో ముక్క తింది. నిరుడు నాలుగంతస్తుల కొత్త భవనం లేచి మిగిలిన కాస్త మట్టినీ మింగేసింది. పిల్లలు ఆడుకునే చోటు పోయిందని ఒక్కరైనా బాధపడ్డారా అంటే, లేదు. గాలీ వెలుతురూ వచ్చే గదులొచ్చాయని సంబరపడ్డారు. ఏం చెప్పమంటారు ఈ మనుషుల సంగతి!

ఆటల పీరియడ్‌ను మూడో అంతస్తు చివరనున్న హాల్లోకి తోశారు. హాలు చతురస్రంగా, శుభ్రంగా ఉంటుంది. దానికున్న లోపమల్లా ఒకటే, దాని కిందే పదో తరగతి. మొదటి వారం ఆరో తరగతి పిల్లలు ఇరవై ఎనిమిది మంది తాడాట మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే లెక్కల మాస్టారు చేతిలో సుద్దముక్కతో రొప్పుకుంటూ పైకొచ్చాడు.

"ఏమ్మా, పైన పిల్లల్ని ఆడిస్తున్నారా, రోలు దొర్లిస్తున్నారా? నా నెత్తిన ఫ్యాను ఊగుతోంది."

మర్నాడే హెడ్మిస్ట్రెస్ గదిలోంచి పిలుపు వచ్చింది. ఆవిడ మాట మెత్తనే, పని మాత్రం గట్టిది. ముందు చెయ్యి చాచి ఈల అడిగి తీసుకుని సొరుగులో పడేసింది.

"నెలాఖరుకు తనిఖీ ఆఫీసర్ గారొస్తారు. ఆ పీరియడ్ ఉంచాలా, చదువు గంట చేసెయ్యాలా అన్నది ఆయన రాసిందాన్ని బట్టి ఉంటుంది. ఈలోపల కిందినుంచి ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందనుకోండి, ఆయనదాకా కూడా వెళ్ళను. నేనే తీసేస్తాను. అర్థమైందా టీచర్ గారూ?"

అర్థమైంది. తన ఉద్యోగం గురించి కాదు ఆమె భయం. ఆ క్లాసులో సన్నగా ఉండే పదకొండేళ్ళ పిల్ల ఒకతె ఉంది, అందరూ తూనీగ అంటారు. పేరుకే తూనీగ. మూడంతస్తులు ఎక్కేసరికి గోడ పట్టుకుని ఆయాసపడుతుంది. పొద్దున బస్సులో కూర్చుంటుంది, బళ్ళో కూర్చుంటుంది, ట్యూషన్‌లో కూర్చుంటుంది, ఇంట్లో హోంవర్క్ ముందు కూర్చుంటుంది. మిగతా ఇరవై ఏడు మందీ అంతే. వారానికి రెండుసార్లు వచ్చే ఈ నలభై నిమిషాలూ పోతే ఈ పిల్లలు పరుగన్నది ఎరగకుండా పెద్దవాళ్ళవుతారు. అది తలుచుకుంటే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

ఏదైనా దారి దొరుకుతుందేమోనని స్టోరు గదంతా వెతికింది. గాలి పోయిన బంతుల కింద, క్రీడల ఆఫీసు ఎప్పుడో పంపిన అట్టపెట్టె దొరికింది. అందులో లావుపాటి ప్లాస్టిక్ బ్యాటు, రెండు బంతులు, బేస్‌బాల్ ఎలా ఆడాలో బొమ్మలతో చెప్పే చిన్న పుస్తకం ఉన్నాయి. ఆ ఆట ఆమె జన్మలో చూసి ఎరగదు. కానీ బొమ్మలో బేసులనే నాలుగు మూలలున్నాయి, హాలుకూ నాలుగు మూలలున్నాయి. బంతిని కొట్టి, మూలమూలకూ పరిగెత్తి, బయల్దేరిన చోటికే వచ్చేస్తే ఒక పరుగు. అందరూ పరిగెత్తాల్సిందే, ఒక్కరూ కూర్చోడానికి లేదు. ఆమెకు ఆ మాట చాలు.

ఆమె భర్త దర్జీ. సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చుని, పుస్తకంలోని బొమ్మను ఎగాదిగా చూశాడు.

"బంతి నేలమీద పడ్డా చప్పుడు కాకూడదు, బేసు మీద దూకినా చప్పుడు కాకూడదు, అంతేనా?"

"అంతేనండీ."

"మరి పిల్లలో?"

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

"వాళ్ళ నోళ్ళు కూడా పంపించు, పనిలో పని, ఓ కుట్టు వేసిస్తాను" అని నవ్వాడాయన. ఆమె నవ్వలేదు. గుడ్డపేలికలు కూరి ఆరు మెత్తటి బంతులు, పాత దుప్పటి మడిచి నాలుగు బేసులు కుట్టించుకుని వెళ్ళింది.

మొదటి రోజు ఆట చూసితీరాలి. "వికెట్లేవీ టీచర్?" అన్నారు. "లేవు" అంటే, వికెట్లు లేకుండా ఔటెలా అవుతారని వాదన పెట్టుకున్నారు. వాళ్ళకు పుట్టి బుద్ధెరిగాక తెలిసింది క్రికెట్టే మరి. ఒకడు బంతి కొట్టి మొదటి బేసుదాకా ఉరికి, నేలకు బ్యాటు తాకించి, వెంటనే వెనక్కి పరిగెత్తుకొచ్చి "రెండు!" అన్నాడు. తూనీగైతే నాలుగు మూలలూ బ్యాటు చంకన పెట్టుకునే తిరిగింది. "బ్యాటు అక్కడే పారెయ్యవే తల్లీ" అని ఆమె నెత్తీ నోరూ బాదుకుంటే, "పారేస్తే నన్ను ఔట్ చేసేస్తారు కదా టీచర్" అని ఇంకా గట్టిగా వాటేసుకుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, ఆ నవ్వుల హోరు విని చప్పున తలుపు వైపు చూసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. ఆ పూటకు బతికిపోయారు.

మళ్ళీ అంత అదృష్టం ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని ఆమె నిబంధనలు పెట్టింది. బూట్లు బయట విప్పాలి. మునివేళ్ళ మీద పరిగెత్తాలి. ఔటైతే చేతులు అడ్డంగా పెట్టాలి, పరుగొస్తే ఒక వేలు చూపాలి, సంతోషమేస్తే రెండు చేతులూ గాల్లో ఊపాలి. ఎవరి గొంతు లేస్తే వాళ్ళ జట్టంతా ఔట్. "కింద అన్నయ్యలూ అక్కయ్యలూ చదువుకుంటున్నారు. మనం ఉన్నట్టే వాళ్ళకు తెలియకూడదు. తెలిసిందా, ఇక మనకు ఆట లేదు" అని చెప్పింది. మధ్యలో ఊరికే పరీక్ష కూడా పెట్టేది. "ఏదీ, గట్టిగా అరవండి చూద్దాం!" అనేది. అరిచినవాళ్ళు ఔట్. మొదట్లో సగం మంది బుట్టలో పడ్డారు. మూడో వారానికి ఒక్కరూ పడలేదు. ఆమె అరవమంటే, ఇరవై ఎనిమిది మందీ పెదవుల మీద వేలు పెట్టుకుని కిలాడీల్లా కళ్ళు చికిలించేవారు.

ఆటా వచ్చేసింది. బ్యాటు మెల్లగా నేలమీద పెట్టి పరుగందుకోవడం తూనీగకు కూడా అలవాటైంది. ఒకరోజు ఆ పిల్ల కొట్టిన బంతి ఎదురు గోడకు తగిలింది. నాలుగు మూలలూ ఆగకుండా చుట్టేసి వచ్చింది, ఆయాసం లేదు. మొహం వెలిగిపోతుండగా కేక వెయ్యబోయి, నోరు సగం తెరిచి, రెండు చేతులతో గబుక్కున మూసుకుంది. లోపలి కేక ఎటూ పోలేక కళ్ళలో నీళ్ళయింది. అది ఆమె చూసింది. నెలాఖరుదాకా ఓర్చుకుంటే చాలు, తర్వాత సంగతి తర్వాత అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆఫీసర్ వచ్చాడు. మర్యాదస్థుడే, విసుగూ విరుపూ లేని మనిషి. హెడ్మిస్ట్రెస్ పక్కన కుర్చీలో కూర్చుని పావుగంట ఆట చూశాడు. పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. బంతి తగిలిన చప్పుడు లేదు, అడుగు చప్పుడు లేదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తూనీగను దగ్గరకు పిలిచాడు.

"ఈ ఆట పేరేంటమ్మా?"

ఆ పిల్ల టీచర్ వైపు చూసి, వేలితో నేలకేసి చూపించింది. కింద క్లాసుందని దానర్థం. ఆయనకేం తెలుస్తుంది?

"పోనీ, ఈ ఆటంటే నీకిష్టమేనా?"

రెండు చేతులూ పైకెత్తి ఊపింది. వెనకనున్న ఇరవై ఏడు మందీ ఊపారు. గాలికి చెట్టు కదిలినట్టుంది, అంతే.

"అద్భుతం! నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ చూళ్ళేదండీ" అన్నాడాయన హెడ్మిస్ట్రెస్‌తో. "ఆటల్లోనే ఇంత బుద్ధిగా ఉన్నారంటే, పుస్తకాలిచ్చి కూర్చోబెడితే ఇంకెలా ఉంటారు! ఈ టైమంతా వృథా చేస్తున్నారేమో ఆలోచించండి."

ఆమె ఒక్క అంగలో ఆయన ముందుకొచ్చింది.

"సార్, వీళ్ళు ఇలా ఉండరు సార్. ఇది వీళ్ళ స్వభావం కాదు. నేనే... చప్పుడవుతోందని నేనే ఇలా నేర్పాను. వీళ్ళకు ఈ ఆటంటే పిచ్చి సార్. కావాలంటే చూడండి." ఆమె పిల్లల వైపు తిరిగింది. "ఒరేయ్, అరవండర్రా! మీకెంత ఇష్టమో సారుకు వినపడేట్టు అరవండి!"

ఇరవై ఎనిమిది మందీ పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ఇది పరీక్ష కాదమ్మా! నిజంగానే చెబుతున్నాను. ఎవర్నీ ఔట్ చెయ్యను. తూనీగా, నువ్వైనా అరవమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఒక్క కేక వెయ్యి!"

టీచర్ ఇవాళ ఎంత బాగా నటిస్తోందో అని పిల్లలు మురిసిపోయారు. టీచర్ పరువు నిలబెట్టాలని ఇంకా గట్టిగా పెదాలు బిగించారు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఏడుపు ఒక్కటే వినపడింది.

"టీచర్ గారూ, కింద పరీక్ష జరుగుతోంది" అంది హెడ్మిస్ట్రెస్, మెత్తగానే.

సోమవారం నోటీసు వచ్చింది. ఆటల పీరియడ్ ఇకనుంచి చదువు గంట. దాన్ని చూసుకోవాల్సింది ఆమే. "పిల్లల్ని అంత నిశ్శబ్దంగా ఉంచడం ఈ బళ్ళో మీకు తప్ప ఎవరికీ చేతకాదు. సార్ మీ పేరు ప్రత్యేకంగా రాశారు" అని హెడ్మిస్ట్రెస్ మనస్ఫూర్తిగానే మెచ్చుకుంది. ఇంటికొచ్చి ఆమె చెబితే భర్త కుట్టడం ఆపాడు. "పోనీలే, ఉద్యోగం ఉంది కదా" అన్నాడు. "నా చేతులారా నేనే చేశానండీ. వాళ్ళ గొంతులు నేనే నొక్కాను" అని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన లేచొచ్చి పక్కనే కూర్చున్నాడు.

గురువారం మొదటి చదువు గంట. అదే హాల్లో నాలుగు వరుసలు, ఒళ్ళో పుస్తకాలు. ఇది కొత్త ఆటేమోనని కొందరు మొదటి పది నిమిషాలూ ఆమె మొహంలోకి ఆశగా చూశారు. తర్వాత మానేశారు. ఆమె కుర్చీలో కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడింది.

తూనీగ చెయ్యెత్తి, మంచినీళ్ళకు వెళ్తానని సైగ చేసింది. కుండీ వరండా ఆ చివర ఉంది. దారిలో ఒక్క మనిషి లేడు.

ఆమె వంగి ఆ పిల్ల చెవిలో, "పరిగెత్తుకుంటూ వెళ్ళి రా, తల్లీ. ఎవరూ ఏమీ అనరు. నేను చూస్తుంటాను" అంది.

తూనీగ తలూపింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ వరండా పొడుగునా మునివేళ్ళ మీద మెల్లగా నడుచుకుంటూ వెళ్ళింది.