కోడలి జవాబు ఎటు పోయింది

నా చిన్నప్పుడు నాట్ల కాలం వచ్చిందంటే, బడికి సెలవిచ్చినా ఇవ్వకపోయినా నేను మా అవ్వ వెంట పొలంలోనే ఉండేదాన్ని. నకిరేకల్ దాటి లోపలికి పోతే మా ఊరు. ఆ రోజుల్లో ఒకనాడు అవ్వ చేసిన పని గుర్తుకు రాకపోతే, పోయిన వానాకాలం మా మరిది కొడుకు మీద అంత నోరు చేసుకునేదాన్ని కాదు. చేసుకున్నందుకు నాకేమీ చింత లేదు.

మా వైపు నాటు పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు ఎత్తుకోవాలి, మిగిలినవాళ్లు అందుకోవాలి. మా అవ్వ ఎత్తుకునే పాటలో అత్త అడుగుతుంది, కోడలు జవాబు చెబుతుంది. "ఏడ పోతివే కోడలా, ఇంత పొద్దు దాకా?" అని అవ్వ అంటే, "చెలిమెల నీళ్లూరలేదత్తా, కడవ పట్టుక కూసుంటి" అని వరుసలో ఉన్న ఆడవాళ్లంతా అందుకునేవారు. చెలిమె అంటే వాగు ఇసుకలో తవ్విన నీళ్ల గుంట. అవ్వ అడిగేటప్పుడు కట్టలోంచి నారు తీసేవారు, జవాబు పాడుతూ బురదలో గుచ్చేవారు. వాళ్ల చేతులు అట్లా పాటకు అలవాటు పడిపోయాయి.

ఒకనాడు పొలం పటేలు గట్టు మీదికి వచ్చాడు. ఇందరు నోళ్లు తెరిస్తే పని సాగదని ఆయనకెవరో చెప్పారట. ఒక్కతే పాడాలి, మిగిలినవాళ్లు నోరు మూసుకొని నాటెయ్యాలి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం "అట్లనే పటేలా" అని పాట ఎత్తుకుంది. అత్త మాట అడిగి ఆగింది. ఎవరూ అందుకోలేదు. నారు పట్టిన చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అవ్వ మళ్లీ అదే అడిగింది. మళ్లీ చేతులు ఆగాయి. పటేలు గట్టు మీది నుంచి అరవడం మొదలుపెట్టాడు.

"కోడలు జవాబు చెప్పంది నేను ముంగటికి ఎట్ల పోవాలె పటేలా? అత్తను తిట్టనిచ్చి కోడలి నోరు మూస్తే గదేం పాట?" అంది అవ్వ.

ఆడవాళ్లు పక్కున నవ్వారు. "పాడుకోండ్రి, మీతోని ఎవడు పడ్తడు" అంటూ ఆయన గట్టు దిగిపోయాడు. అందరూ నవ్వినా అవ్వ నవ్వలేదు. పొద్దుగూకి ఇంటికి వచ్చేటప్పటికి కూడా ఆమె కోపం చల్లారలేదు. "ఎత్తుకునేదాన్ని అందరు జూస్తరు బిడ్డా, అందుకునేదాన్ని నువ్వు జూడు" అని దారిలో నాతో అంది.

పెళ్లయ్యాక మా అత్తగారి ఊరి పొలాల్లో ఆ పాట నేను ఎత్తుకునేదాన్ని. మా యారాలు, అంటే నా మరిది భార్య, అందుకునేది. ఆమె జవాబులో ఒక వెటకారం ఉండేది, దానికోసమే జనం చెవులు రిక్కించేవారు. తెలంగాణ వచ్చాక మా పొలాల్లోకి నాటు మిషన్లు దిగాయి. పాటలు పోతాయని ఆమె కొడుకే మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో మైకు పెట్టి రికార్డు చేశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎడమ చెవిలో నేను, కుడి చెవిలో ఆమె. దీన్నే స్టీరియో అంటారని చెప్పి మురిసిపోయాడు. తర్వాతి ఏడు యారాలికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

పోయిన వానాకాలం ఆమెను చూడటానికి చుట్టాలు వచ్చినప్పుడు, కొడుకు ఆ పాటను అందరి ఫోన్లకూ పంపి, తన ఫోనులో పెట్టాడు. అత్తగా నా గొంతు ఖంగుమంది. ఆ తర్వాత కోడలి జవాబు రాలేదు. ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు చిన్న గొణుగుడు, మళ్లీ నా దబాయింపు. నేను మంచం వైపు చూశాను. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా మా యారాలు పెదవులు కదుపుతోంది.

"మీ అమ్మ గొంతేదిరా?" అన్నాను.

"మోనో చేసిన పెద్దమ్మా. రెండు పక్కలుంటే ఫైలు పెద్దగైతది, మనూరి సిగ్నలుకు పోదు. రెండిటిని ఒక్కటి చేస్తే సగమైతది. ఏ పక్క ఉంచాల్నని కంప్యూటరు అడిగింది. నీ గొంతు గట్టిగున్నదని గదే ఉంచిన."

"ఒక్కటి చేసుడంటే గిదేనా? మీ అమ్మను తీసి అవుతల పారేసినవ్ గదరా! నేను తిట్టుడే ఊరంతా వినాల్నా? ఆమె జవాబు చెప్పొద్దా?"

చుట్టాల ముందు అంత గట్టిగా అరవడం తప్పేనేమో, నాకైతే అనిపించలేదు. నోరున్నప్పుడు ఆమె చెప్పిన జవాబును, నోరు పోయాక కన్నకొడుకే తీసేస్తే ఎట్లా ఊరుకునేది?

అదృష్టం బాగుండి, అసలు రికార్డు లాప్‌టాప్‌లో ఉంది. నేను పక్కనే కూర్చొని చేయించాను. రెండు గొంతులనూ కొంచెం కొంచెం తగ్గించి, ఒకదానిలో ఒకటి కలిపాడు. తగ్గించకుండా కలిపితే రెండూ గట్టిగా వచ్చినచోట శబ్దం పగిలిపోతుందట. తగ్గించమన్నాను, నా గొంతు తగ్గితే నాకేం పోయింది?

"ఫైలు ఇప్పుడెంత బరువైందిరా?" అని అడిగాను.

వాడు చూసి తల దించుకున్నాడు. "ఇందాకటి దానంతనే ఉన్నది పెద్దమ్మా."

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. ఆమెను ఉంచుకోవడానికి రవ్వంత జాగా కూడా ఎక్కువ పట్టలేదు! వాడేం చెడ్డవాడు కాదు, తల్లికి రోజూ తన చేత్తో అన్నం తినిపించేవాడే. కలిపితే ఏమవుతుందో చూడాలని తోచలేదు, అంతే.

కొత్త పాట పెట్టాడు. నేను అడిగాను, ఆమె వెటకారంగా బదులిచ్చింది. చుట్టాలు నవ్వారు. యారాలు ఈసారి పెదవులు కదపలేదు, కళ్లు మూసుకొని విన్నది. కొడుకు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

అవ్వ గొంతు నాకు సగమే వచ్చింది, ఇప్పుడు అదీ పోయింది. ఆమె కోపం మాత్రం నా దగ్గర చెక్కుచెదరలేదు. ఊరి సభలోనైనా, పెళ్లి మాటల్లోనైనా, టైము లేదు, జాగా లేదు, ఒక్కరు మాట్లాడితే చాలు అని ఎవరన్నా అంటే నేను కూర్చోలేను. "రెండో మనిషిని కలిపి చూసినవా? ఎంత బరువు పెరిగింది?" అని లేచి అడుగుతాను. ఇప్పటిదాకా నేను అడిగినవాళ్లలో ఒక్కరూ కలిపి చూడలేదు.